సుత్తి ఇచ్చిన బలం

పాతబస్తీ పెళ్లిళ్లలో బిర్యానీ వండే రాగి దేగులను చూసి మనం మెచ్చుకునేది వాటి మెరుపునే. మెచ్చుకోవలసింది కంచరి సుత్తిని. లోహాల్లో వేడినీ విద్యుత్తునీ మోయడంలో వెండి తర్వాత రాగిదే స్థానం, కానీ అది మెత్తన. గట్టిపడాలని 30 శాతం జింకు కలిపితే ఇత్తడి అవుతుంది. విద్యుత్ వాహకత మాత్రం 28 శాతానికి పడిపోతుంది. పరాయి పరమాణువులు ఎలక్ట్రాన్ల దారికి అడ్డం పడతాయి మరి. కంచరి ఏమీ కలపడు. దాగలి మీద చల్లని రేకును, ఒక దెబ్బ అంచు మీద మరో దెబ్బ పడేలా, వరుసగా కొడతాడు. లోపలి స్ఫటికాల్లో చిక్కులు పెరిగి రాగి వంగనని మొరాయిస్తుంది. వాహకత తగ్గేది మహా అయితే రెండు మూడు శాతం. ఇంత తక్కువ నష్టంతో బలం ఇచ్చే పద్ధతి అరుదు.

మంట మీద ఆ గట్టిదనం నిలవదు కదా అంటారు. నిజమే, ఎర్రగా కాలిస్తే రాగి మళ్లీ మెత్తబడుతుంది. కంచరికీ అది తెలుసు. మలిచేటప్పుడు మధ్యమధ్య కాల్చేది అందుకే. ఆ లోపాన్ని సరిదిద్దిందే క్రోమియం-జిర్కోనియం రాగి. ఒక శాతం అటూ ఇటూగా క్రోమియం, ఇంకా తక్కువ జిర్కోనియం కలిపి, సుమారు 1000 డిగ్రీలకు కాచి, నీళ్లలో ముంచి, మళ్లీ 450-500 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే కలిపినవి సన్నని రేణువులై విడిపోతాయి. రేణువులు బలాన్నిస్తాయి, వాటి చుట్టూ దాదాపు శుద్ధమైన రాగి ఉండి వాహకత 80 శాతం దాకా నిలుస్తుంది. కారు రేకులను అతికే స్పాట్ వెల్డింగ్ మొనలు ఎక్కువగా దీనితోనే చేస్తారు. పాతబస్తీ పక్కనే కంచన్‌బాగ్‌లో 1973లో నెలకొన్న మిధాని సంస్థ తయారుచేసే నికెల్ సూపర్ అల్లాయ్‌ల బలం వెనకా ఈ రేణువుల సూత్రమే ఉంది. ఇక వంటపాత్రకు అల్యూమినియం చవకే కానీ, వేడిని మోసేది రాగిలో 60 శాతమే. రాగి దేగు కొనేటప్పుడు తూకంతో పాటు సుత్తి దెబ్బల వరుసనూ చూడండి. ఆ పనికి అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.