ముగింపు లేని సాక్ష్యం

విశాఖపట్నం దగ్గరి చోడవరంలోనైనా, తెలుగు నేలపై మరే ఊళ్లోనైనా, ప్రొటెస్టెంటు సంఘాల ఆదివారపు ఆరాధనలో సాక్ష్యానికి ప్రత్యేకమైన చోటు ఉంది. సాక్ష్యమంటే ఒక విశ్వాసి సంఘం ఎదుట నిలబడి, తన జీవితంలో దేవుడు చేసిన మేలును తన మాటల్లో చెప్పడం. వేదశాస్త్రం చదవనివారికి, బడి మెట్లు ఎక్కనివారికి కూడా మైకు అందించే ఈ పద్ధతి గొప్పదే. అయితే కాలక్రమంలో దానికి ఒక మూస ఏర్పడింది: జబ్బో, అప్పో, కోర్టు కేసో రావడం, ఉపవాసముండి ప్రార్థించడం, విడుదల దొరకడం, కృతజ్ఞతగా కానుక చెల్లించడం. కష్టం తీరినవారే సాక్షులు. తీరనివారు ప్రార్థన మనవి చీటీ రాసిచ్చి వెనుక వరుసలో కూర్చుంటారు.

ఈ మూసలోని చిక్కు విపత్తుల వేళ బయటపడుతుంది. 2014 అక్టోబరు 12న, ఆదివారం నాడే, హుద్‌హుద్ తుపాను పూడిమడక దగ్గర తీరం దాటి ఉమ్మడి విశాఖపట్నం జిల్లాను కుదిపేసింది. ఇల్లు నిలిచినవారు దేవుడు కాపాడాడని సాక్ష్యమిస్తే, పక్కనే కప్పు ఎగిరిపోయినవారు, చెరకు చేను నేలకొరిగినవారు ఏమని సాక్ష్యమివ్వాలి? వారిని దేవుడు కాపాడలేదనా, లేక వారి విశ్వాసంలోనే ఏదో కొరత ఉందనా?

రెండో సమాధానం చాలా పాతది. బైబిల్లోని యోబు గ్రంథంలో యోబు స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన నేలపై మౌనంగా కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే. నోరు తెరిచాకే, బాధ వెనుక పాపం ఉండితీరాలన్న తర్కంతో అతన్ని మరింత బాధపెట్టారు. (పూర్వజన్మ కర్మను తోసిపుచ్చే సంఘాల్లో అదే లెక్క ఈ జన్మకు కుదించుకొని వినిపించడం విచిత్రమే.) గ్రంథం చివరి అధ్యాయంలో దేవుడు తప్పుపట్టింది తనను నిలదీసిన యోబును కాదు, తన తరఫున వాదించామనుకున్న ఆ స్నేహితులను.

బైబిల్లో ఇలా దేవుణ్ణి నిలదీసే గొంతు యోబుది ఒక్కటే కాదు. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాప కీర్తనలని, అంటే బాధలో దేవునికి పెట్టుకొన్న మొరలని, పండితులు చెబుతారు. దేవుణ్ణి పిలవడం, బాధను ఏకరువు పెట్టడం, ఇంకెంతకాలమని అడగడం, కాపాడమని వేడుకోవడం, చివరకు నమ్మకాన్ని ప్రకటించడం వాటి సామాన్య క్రమం. ఎజ్రాహీయుడైన హేమాను పేరిట ఉన్న 88వ కీర్తన మాత్రం ఆ చివరి మెట్టు ఎక్కకుండా చీకటిలోనే ఆగిపోతుంది. కీర్తనలను కూర్చినవారు దాని చివర ఒక స్తుతి వాక్యం అతికించలేదు, గ్రంథం నుంచి తొలగించనూ లేదు. జవాబు రాకపోయినా పిలవడం మానకపోవడమే అక్కడ నమ్మకం.

మేలుకూ నమ్మకానికీ ఉన్న ముడి తెలుగు క్రైస్తవ చరిత్రలోనూ పరీక్షకు వచ్చింది. 1876–78 నాటి మహా కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని కల్పించాడు గాని, జనం కూటి కోసం మతం పుచ్చుకొంటారేమోనన్న శంకతో కరవు సహాయం సాగుతున్న కాలంలో బాప్తిస్మాలు ఆపాడు. యోబు ఊరకనే దేవునియందు భయభక్తులు కలిగి ఉన్నాడా అని సాతాను వేసిన ప్రశ్నే వేరే రూపంలో క్లౌను వేధించిందనవచ్చు. సహాయం నిలిచాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మమిచ్చారు. వారిలో ఎక్కువమంది మాదిగ పల్లెలవారు, ఆకలిని దగ్గరగా చూసినవారు.

ఫలం చూడకుండానే సాగిన నమ్మకానికి చోడవరానికి ఇంకా దగ్గరి ఉదాహరణ విశాఖపట్నంలోనే ఉంది. 1805లో అక్కడికి వచ్చిన లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌లు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో సువార్తలను తెలుగులోకి తేవడానికి పూనుకొన్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించగా, మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని చూడని ఆ ఇద్దరికీ నేటి మూస ప్రకారం చెప్పుకోదగ్గ సాక్ష్యమేదీ లేనట్టే.

సాక్ష్యాల వేళను రద్దు చేయనక్కర లేదు, దాన్ని కాస్త వెడల్పు చేస్తే చాలు. మందులు పనిచేయని బిడ్డ తల్లి, పంట పోయి అప్పు మిగిలిన రైతు కూడా తమ మొరను మొరగానే సంఘం ముందు చెప్పుకోగలగాలి. వారు ముగించగానే దానికి అర్థం చెప్పే తొందరలో పాస్టరుగారు మైకు అందుకోకుండా, వెంటనే మరో పాటకు పోకుండా, ఆ మొరను అలాగే ప్రార్థనలో చేర్చుకొనే వీలు ఆరాధన క్రమంలో ఉండాలి.