మెసెంజర్ రాసిన జొహానెస్‌బర్గ్

ఒక మనిషి పొద్దున్నే లేచి, తెల్ల చొక్కా, టై, సూటు వేసుకుని పెద్దమనిషిలా తయారై వీధిలోకొస్తాడు. రాగానే ఒకడు ఆపి కాగితాలు చూపించమంటాడు. చూసి, సరే పొమ్మంటాడు. ఒక పెద్ద బిల్డింగ్‌లోకి వెళ్తే, ద్వారం దగ్గర ఇంకొకడు ఏం కావాలని అడుగుతాడు. బయట పేవ్‌మెంట్ మీద పక్కనే నడుస్తున్న మేడమ్‌గారు తన హ్యాండ్‌బ్యాగ్‌ని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటుంది. ఆ సూటు లోపలున్నది దొంగేనని ఆవిడ చూపే చెప్పేస్తుంది.

ఆస్వాల్డ్ మ్చాలి రాసిన 'ఆల్వేస్ ఎ సస్పెక్ట్' అనే కవిత సారం అంతే. చిన్న కవిత. ఇందులో నినాదం లేదు, కోపం కూడా పైకి కనపడదు. ఆఫ్రికా కవిత్వం అంటే పిడికిలి, జైలు, తుపాకీ అని ముందే అనుకుని చదవడం మొదలుపెట్టిన నాలాంటివాళ్ళకి, ఒక హ్యాండ్‌బ్యాగ్ దగ్గర ఆగిపోవడం కొత్తగా ఉంటుంది.

మ్చాలి 1940లో దక్షిణాఫ్రికాలోని నాటాల్ ప్రాంతంలో, వ్రైహైడ్‌లో పుట్టాడు. కుర్రాడిగా జొహానెస్‌బర్గ్ వచ్చాడు. యూనివర్సిటీలో చదవాలనుకున్నాడు. కానీ 1959లో వచ్చిన చట్టం నల్లవాళ్ళకి ఆ తలుపులు మూసేసింది. స్కూటర్ మీద ఆఫీసుల మధ్య ఉత్తరాలూ, పార్సిళ్ళూ అందించే మెసెంజర్‌గా పనిచేశాడు. ఆ రోజుల్లో రాసిన కవితలతో 1971లో 'సౌండ్స్ ఆఫ్ ఎ కౌహైడ్ డ్రమ్' వచ్చింది. లయనెల్ అబ్రహామ్స్ నడిపిన రెనోస్టర్ బుక్స్ వేసింది, నడీన్ గోర్డిమర్ ముందుమాట రాసింది. కవిత్వ పుస్తకమైనా బాగా అమ్ముడుపోయింది.

ఇలాంటి జీవితాన్ని మనం మామూలుగా ఎలా చెప్పుకుంటాం? 'మెసెంజర్‌గా పనిచేస్తూనే కవి అయ్యాడు' అని. అంటే ఉద్యోగం అడ్డంకి, కవిత్వం దాన్ని దాటడం. నాకీ లెక్క తప్పనిపిస్తుంది. సొవెటోలో పడుకుని, తెల్లవాళ్ళ నగరంలో రోజంతా తిరిగి, పాస్ పుస్తకం జేబులో పెట్టుకుని మళ్ళీ సొవెటో చేరే మనిషి అతను. రెండు ఊళ్ళనీ ఒకే రోజులో చూసే పని అది. అన్ని బిల్డింగ్‌ల లోపలికీ వెళ్తాడు, ఎక్కడా కూర్చోడు. ద్వారం, కాగితం, ఒక చూపు, తర్వాత మళ్ళీ రోడ్డు. పైన చెప్పిన కవిత నడక కూడా సరిగ్గా ఇదే. ఉద్యోగమే ఆ కవితకి ఆకారం ఇచ్చింది.

'యాన్ ఎబాండన్డ్ బండిల్' ఇంకా కష్టమైన కవిత. సొవెటోలోని వైట్ సిటీ జబావులో తెల్లవారుజాము. పొగమంచూ, పొయ్యిల పొగా కలిసి పచ్చగా, చీములా పారుతుంటాయి. కుక్కలు ఒక మూట కోసం కొట్టుకుంటున్నాయి. ఆ మూటలో పసిబిడ్డ. చివర్లో ఆ తల్లి ఎండలోకి కరిగిపోతుంది, ముఖంలో అమాయకత్వం మెరుస్తూ. ఇక్కడ ఆగాల్సొస్తుంది. ఇది వెటకారమా? కనికరమా? ఎన్నిసార్లు చదివినా తేలలేదు. తేల్చకపోవడమే ఈ కవిత బలం. తల్లిని తిట్టేసి ఉంటే మనకి హాయిగా ఉండేది. క్షమించేసి ఉన్నా అంతే.

అన్ని కవితలూ ఇంత బాగుంటాయని కాదు. ఉపమానాల మీద మోజెక్కువ. కొన్నిచోట్ల ఒకటి మనసులో దిగేలోపే ఇంకొకటి వచ్చి పడుతుంది.

ఇంతకన్నా పెద్ద విమర్శ ఒకటుంది. ఇంగ్లీషులో రాసిన ఈ పుస్తకాన్ని ఎక్కువగా తెల్లవాళ్ళే కొన్నారు, వాళ్ళ మనస్సాక్షిని తట్టే కవిత్వమే తప్ప నల్లవాళ్ళతో మాట్లాడే కవిత్వం కాదని. ఇందులో నిజముంది. కానీ మాతృభాషలో రాయడమే విముక్తి అనుకునే తెలుగువాళ్ళం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1953 నాటి బంటూ విద్యా చట్టం కింద ప్రభుత్వమే నల్లపిల్లలకి మాతృభాషల్లో చదువు చెప్పించింది. వాళ్ళని వాళ్ళ హద్దుల్లో ఉంచడానికి. అలాంటిచోట ఇంగ్లీషులో రాయడాన్ని లొంగుబాటు అని తేలిగ్గా అనలేం. 1976లో సొవెటో పిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపాక, 1980లో మ్చాలి 'ఫైర్‌ఫ్లేమ్స్' రాశాడు. ఈసారి గొంతు మారింది, మాట్లాడుతున్నది ఎవరితోనో కూడా మారింది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తేడా వాళ్ళకీ అర్థమైందన్నమాట. ఆ తర్వాత చాలా ఏళ్ళకి, 2012లో, మొదటి పుస్తకం జులూ పాఠంతో కలిపి మళ్ళీ వచ్చింది.

కవిత్వంగా చూస్తే నేను మాత్రం మొదటి పుస్తకం దగ్గరే ఆగుతాను. కారణం కొంత సొంతం. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర డెలివరీ అబ్బాయిలు ఫోన్ నంబరు రాసి, ఫొటో దిగి, సర్వీస్ లిఫ్ట్‌లోనే రావాలి. యాప్‌లో 'అప్రూవ్' నొక్కేది నేనే. అపార్థైడ్‌కీ దీనికీ పోలిక తేవడం అన్యాయం. అక్కడ చట్టం, పోలీసు, జైలు ఉన్నాయి. కానీ ఆ కవిత చదువుతున్నంతసేపూ నేను సూటు వేసుకున్న మనిషి వైపే ఉన్నాననుకున్నాను. రెండోసారి చదివినప్పుడు తెలిసింది, నా చేతిలో ఉన్నది హ్యాండ్‌బ్యాగ్ అని.

మొన్న పార్సిల్ తెచ్చిన అబ్బాయి లిఫ్ట్ కోసం ఎదురుచూస్తూ ఫోన్‌లో ఏదో టైప్ చేసుకుంటున్నాడు. అడ్రసే కావచ్చు. ఇంకేదైనా కావచ్చు. నేను ఓటీపీ చెప్పి తలుపేసుకున్నాను.