'స్క్వాటర్' కథలో ఒక ఆఫీసు

రోహింటన్ మిస్త్రీ రాసిన 'స్క్వాటర్' కథ ప్రస్తావన వస్తే సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. అది మరుగుదొడ్డి మీద రాసిన హాస్యకథ అని ఒకటి. పరాయిదేశంలో తనెవరో తనకే తెలియకుండా పోయినవాడి కథ అని మరొకటి. రెండూ నిజమే. కాని కథ చదివిన ప్రతిసారీ నా చూపు అందులోని ఒక చిన్న ఆఫీసు దగ్గర ఆగిపోతుంది.

1987లో వచ్చిన 'టేల్స్ ఫ్రం ఫిరోజ్‌షా బాగ్' సంపుటిలోది ఈ కథ. బొంబాయి పార్సీల ఇళ్ళ సముదాయంలో నారిమన్ హన్సోటియా అనే పెద్దాయన పిల్లల్ని చుట్టూ చేర్చుకుని చెబుతాడు. సరోష్ కెనడా వెళ్ళి 'సిద్' అయ్యాడు. పదేళ్ళలో పూర్తిగా కెనడావాణ్ణి కాలేకపోతే తిరిగి వచ్చేస్తానని తల్లికి మాటిచ్చాడు. కమోడు మీద కూర్చోవడం ఒక్కటే అతనికి పట్టుబడలేదు. గొంతుక్కూర్చుంటే తప్ప పని జరగదు. దాంతో ఉద్యోగానికి ఆలస్యం. పై అధికారి కోప్పడడు సరిగదా, మీవాళ్ళకూ ఒక వలసదారుల సహాయ సంఘం ఉండే ఉంటుంది, అక్కడికి వెళ్ళమంటాడు. ఆ సంఘం అతణ్ణి డాక్టరు దగ్గరికి పంపుతుంది. డాక్టరు పేరు నో-ఇలాజ్. ఒంట్లో ఒక యంత్రం అమర్చుతానంటాడు ఆయన. అమర్చాక పాత అలవాటుకు దారి మూసుకుపోతుందని సరోష్ ఒప్పుకోడు.

ఇందులో చెడ్డవాడంటూ ఎవడూ లేడు. పై అధికారి మంచివాడు, సంఘం వాళ్ళు మంచివాళ్ళు. అందరూ సాయం చేస్తామనేవాళ్ళే. కాని ప్రతివాడి సాయమూ 'నువ్వు మారు' అనే చోటికే వస్తుంది. ఆఫీసు తలుపు వైపు నుంచి ఏదైనా మారవచ్చునన్న ఆలోచన ఒక్కరికీ రాదు. మిస్త్రీ వ్యంగ్యమంతా ఇక్కడ ఉంది.

ఇది ఊహాజనితం కాదు. కెనడా 1967లో వలసదారులకు మార్కుల పద్ధతి పెట్టింది. చదువుకు ఇన్ని, పనితనానికి ఇన్ని, భాషకు ఇన్ని. ఆ మార్కులు చూసి రానిచ్చిన ఇంజనీరునే, తీరా దిగాక, 'కెనడా అనుభవం ఉందా?' అని అడుగుతారు. ఉద్యోగం ఇస్తే కదా అనుభవం! ఈ అనుభవం తప్పనిసరి అని పట్టుబట్టడం పైకి చూస్తేనే వివక్ష అవుతుందని ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 2013లో తేల్చింది. పాతికమందికి తగ్గకుండా సిబ్బంది ఉన్న సంస్థల ఉద్యోగ ప్రకటనల్లో ఆ షరతు కనబడకూడదన్న నిబంధన అదే రాష్ట్రంలో 2026 జనవరి 1న గాని అమలుకు రాలేదు. మార్కుల పద్ధతి వచ్చిన యాభై ఎనిమిదేళ్ళకు!

నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ఈ వలయం నాకు కొత్త కాదు. అప్పు తీర్చిన చరిత్ర ఉంటేనే అప్పు. అప్పు పుడితేగాని చరిత్ర రాదు. మా కౌంటరుకు ఇవతలున్న న్యాయం అది. వలస వచ్చిన డాక్టరు అక్కడి పరీక్షలు రాయాలంటే వేల డాలర్లు కావాలి. ఆ దేశంలో అతనికి పాత ఖాతా లేదు, తనఖా లేదు, హామీదారు లేడు. మామూలు బ్యాంకు ఇవ్వదు. 2005లో కాల్గరీలో మరియా ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటివారి కోసమే ఒక చిన్న అప్పుల సంస్థ ప్రారంభించింది. ఇప్పుడు దాని పేరు విండ్‌మిల్. పదిహేను వేల డాలర్ల దాకా, తనఖా అడగకుండా, పరీక్ష ఫీజులకూ చదువుకూ ఇస్తుంది. నువ్వు మారమనదు, నీకున్న విద్యనే ఇక్కడ చెల్లే కాగితంగా మార్చుకోమంటుంది.

అందుకే మిస్త్రీ మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఆయన కథలో సహాయమంటే ఆ యంత్రమే. వేరే తీరు సాయం ఉండవచ్చునన్న అనుమానం కూడా పాఠకుడికి కలగనివ్వడు. సరోష్‌కు ఆ ఉద్యోగం ఎలా దొరికిందన్నది కూడా కథకు పట్టలేదు. గణితమూ ఆర్థికశాస్త్రమూ చదివి 1975లో కెనడా చేరి టొరంటోలో బ్యాంకు ఉద్యోగం చేసిన రచయిత ఆ సంగతి వదిలేయడం నాకు లోటుగానే తోస్తుంది. హాస్యకథకు ఆ బరువెందుకంటారా? పదేళ్ళ వాయిదా పెట్టింది కథే కదా. అందులో మొదటి ఏడాది మాత్రం లెక్కకు రాదా?

మన తెలుగులో వచ్చిన అమెరికా కథల్లోనూ, నేను చదివినంతలో, ఈ మొదటి ఏడాది పలచగానే ఉంటుంది. విమానం ఎక్కుతారు, తరువాతి పేజీలో ఇల్లు కొంటారు. షోలాపూరు వెళ్ళిన మన పద్మశాలీలను చూడండి. చేతిలో నేత ఉంది, అక్కడ మగ్గం ఉంది; మధ్యలో ఒక బావమరిదో చిన్నాయనో నిలబడి పని ఇప్పించాడు. 'వీడి పనికి నాది పూచీ' అన్న ఆ మాట కథకు పనికిరాని సరుకేమీ కాదు.

'స్క్వాటర్'ను ఎవరైనా తెలుగు చేస్తే, డాక్టరు పేరును మార్చకుండా ఉంచితే బాగుంటుంది. ఇలాజ్ అంటే ఏమిటో షోలాపూరులోనూ బళ్ళారిలోనూ మనవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.