‘మనం’ అంటే ఎవరు?

కవితను విమర్శిస్తాం. కథను విమర్శిస్తాం. నవల వెలువడితే పాత్రల వర్గ స్వభావం మొదలు ముగింపు దాకా చర్చిస్తాం. కాని తెలుగువాడు ఇవాళ రోజూ వింటున్న వచనంలో అధికభాగం కథా కాదు, కవితా కాదు, రాజకీయ వ్యాఖ్యానం. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంకల ప్రస్తావన వచ్చినప్పుడల్లా టీవీ తెరమీదో, సంపాదకీయం పక్కనో రాజనీతి శాస్త్ర ఆచార్యులొకరు ప్రత్యక్షమవుతారు. ఆయన మాటకు విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవం తోడుగా ఉంటుంది. ఆ వచనానికీ ఒక శిల్పం ఉంది, దృక్పథం ఉంది, కథ చెప్పే గొంతు ఉంది. దాన్ని సాహిత్య విమర్శ పరిధికి బయట వదిలెయ్యడం మన పొరపాటని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు గ్రంథాలయంలో కలగలేదు. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో కలిగింది.

2025 మే 9 ఉదయం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటకు నిషేధం. కనుక బోట్లన్నీ జెట్టీల దగ్గర ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. కొందరు వలలు బాగుచేసుకుంటున్నారు. టీకొట్టు దగ్గర ఒకాయన సెల్‌ఫోనులో ముందు రాత్రి టీవీ చర్చ మళ్ళీ మోగుతోంది. మే 7న మొదలైన భారత్–పాకిస్తాన్ సైనిక ఘర్షణకు అది మూడో రోజు. మన నౌకాదళం కరాచీ రేవును ధ్వంసం చేసిందని ఆ రాత్రి దేశంలో పలు ఛానళ్ళు ప్రకటించాయి. అది అబద్ధమని తర్వాత తేలింది. అలాంటి దాడి జరగనే లేదు.

ఆ చర్చలో ఒక ఆచార్యులున్నారు. ఆయన పేరుతో నాకు పని లేదు. నేను విమర్శిస్తున్నది ఒక ధోరణిని. యాంకరు ఊగిపోతుంటే ఆయన నిదానంగానే మాట్లాడారు. పాకిస్తాన్ వాణిజ్యానికి కరాచీ ఎంత ముఖ్యమో చెప్పారు. 1971 డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు అదే రేవుపై చేసిన దాడిని గుర్తుచేశారు. చెప్పిన చరిత్రలో తప్పు లేదు. వార్త నిజమేనా అని మాత్రం ఒక్కసారి అడగలేదు.

పక్కనే కూచుని వింటున్న ఒక పెద్దాయన, ఒకప్పుడు బోటు నడిపిన తండేలు, నా వైపు తిరిగాడు: “మాస్టారూ, కరాచీ రేవు కాల్చీసినారంటన్నారు. మరి మనోళ్ళు ఆ ఊరి జైల్లోనే కదా ఉన్నారు? ఆళ్ళ మాట ఈయన ఎత్తడేటి?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కాని విమర్శకు అవసరమైన కొలబద్ద అందులో ఉందని ఇంటికి వెళ్ళాక అర్థమైంది.

ఆయన అన్న ‘మనోళ్ళు’ ఎవరో లెక్కలతోనే చెప్పవచ్చు. 2008 నాటి ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ తమ చెరలో ఉన్న ఎదుటి దేశస్థుల జాబితాలను ఏటా జనవరి 1న, జూలై 1న ఇచ్చిపుచ్చుకుంటాయి. 2025 జనవరిలో పాకిస్తాన్ ఇచ్చిన జాబితాలో భారతీయ మత్స్యకారులు 217 మంది. జూలైలో 193 మంది. మనం పట్టి ఉంచిన పాకిస్తానీ మత్స్యకారులు రెండుసార్లూ 81 మంది. అరేబియా సముద్రంలో పట్టుబడ్డ మనవాళ్ళను ఉంచుతూ వస్తున్నది కరాచీలోని మలీర్ జైల్లో. అంటే తెరమీద కరాచీ తగలబడుతున్న ఆ రాత్రి మనవాళ్ళు సుమారు రెండు వందల మంది పాకిస్తాన్ చెరలో ఉన్నారు.

ఇది ఉత్తరాంధ్రకు దూరపు సంగతి కాదు. 2018 నవంబరు చివర గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్ చేతికి చిక్కిన వాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మనుషులున్నారు. వారిలో ఇరవై మంది పదమూడు నెలలకు పైగా చెరలో గడిపి 2020 జనవరి 6న వాఘా దగ్గర స్వదేశంలో అడుగుపెట్టారు. వారి కథ ఆధారంగా 2025లో ‘తండేల్’ సినిమా వచ్చింది. డి. మత్స్యలేశం వంటి ఊళ్ళవాళ్ళు ఇంటి ముందు సముద్రాన్ని పెట్టుకుని దేశానికి ఆ కొసనున్న వేరావల్‌కు ఎందుకు పోతున్నారు? పెద్ద మరబోట్లు నిలిచే రేవు శ్రీకాకుళం తీరానికి లేకపోయింది. పరాయి యజమాని బోటుమీద జీతానికి పోవలసి వచ్చింది. దక్షిణాసియా వ్యవహారమంటే ఇదీ దక్షిణాసియా వ్యవహారమే. మన ఆచార్యుల వ్యాఖ్యానంలో దీనికి చోటు దొరకదు.

ఎందుకు దొరకదు? ఆ వచనంలోని మాటలను పట్టి చూస్తే తెలుస్తుంది.

మొదటిది ‘మనం’. “మనం కరాచీని దెబ్బతీస్తే”, “మనం ఢాకాకు గట్టిగా చెప్పాలి”. ఈ ‘మనం’లో విదేశాంగ శాఖ ఉంది, నౌకాదళం ఉంది, మాట్లాడుతున్న ఆచార్యులున్నారు. మలీర్ జైల్లో ఉన్నవాడు లేడు. తండేలు అన్న ‘మనోళ్ళు’ వేరు. అందులో ముందుగా ఉన్నది చెరలో ఉన్నవాడే.

రెండోది ‘పొరపాటున’. జాలరి పొరపాటున సరిహద్దు దాటాడంటారు. సానుభూతితోనే అంటారు. కాని సర్ క్రీక్ దగ్గర దాదాపు 96 కిలోమీటర్ల పాయ మీద హద్దు ఎక్కడో రెండు ప్రభుత్వాలూ ఇన్ని దశాబ్దాలుగా తేల్చుకోలేదు. తేలని గీతను దాటాడని కూలివాణ్ణి పట్టుకుంటున్నారు. పైగా ఒడ్డున చేప తగ్గిపోయి, డీజిలు ఖర్చు రాబట్టుకోవాలనే యజమాని ఒత్తిడి పెరిగి బోటు ముందుకు పోతుంది. ‘పొరపాటున’ అన్న ఒక్క మాట ఈ కార్యకారణ సంబంధమంతటినీ కప్పేస్తుంది.

మూడోది ‘సద్భావ సూచన’. ఖైదీలను వదిలినప్పుడు రెండు దేశాలూ వాడే మాట ఇది. ఆచార్యులు దాన్ని యథాతథంగా అప్పు తెచ్చుకుంటారు. ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలవేట నిబంధనలు ఉల్లంఘించినవారికి, ఆయా దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, జైలుశిక్ష వెయ్యరాదని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక 73వ అధికరణం చెబుతోంది. ఆ ఒడంబడికను భారత్ 1995లోనూ పాకిస్తాన్ 1997లోనూ ఆమోదించాయి. హక్కుగా అడగవలసినదాన్ని దయగా వర్ణించడం ఏ పాలకవర్గానికి మేలు చేస్తుంది? ఇద్దరికీ చేస్తుంది.

టీవీలో ఇచ్చే రెండు నిమిషాల్లో ఇదంతా ఎలా చెబుతారని మిత్రులు అడగవచ్చు. ఆ రెండు నిమిషాల్లోనే 1971కి చోటు దొరికింది కదా! ఆయన లేకపోతే ఆ కుర్చీలో ఇంకా రెచ్చగొట్టేవాడు కూచుంటాడన్నది నిజం, నేను ఒప్పుకుంటాను. కాని నిదానంగా పలికినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు. పైగా కేకలు వేసేవాణ్ణి జనం అనుమానించగలరు, ఆచార్యులను అనుమానించలేరు. అందుకే ఆయన బాధ్యత ఎక్కువ.

సమాచారం లేదనీ అనలేరు. తీరప్రాంత మత్స్యకారుల మీద, వారి నిర్బంధాల మీద చారు గుప్తా, ముకుల్ శర్మ కలిసి రాసిన ‘కంటెస్టెడ్ కోస్ట్‌లైన్స్’ 2008లోనే వచ్చింది.

మరోలా వ్యాఖ్యానించడం సాధ్యమని నిరూపించినవాడూ ఉన్నాడు. ఇక్బాల్ అహ్మద్ బీహారులో పుట్టి, విభజన కాలంలో పాకిస్తాన్‌కు వెళ్ళినవాడు. అమెరికాలో హాంప్‌షైర్ కాలేజీలో రాజనీతి బోధించాడు. కరాచీ నుంచి వెలువడే ‘డాన్’ పత్రికకు వ్యాసాలు రాశాడు. 1971లో తూర్పు బెంగాల్ మీద పాకిస్తాన్ సైన్యం సాగించిన మారణకాండను బహిరంగ లేఖలో ఖండించాడు. 1998 మేలో భారత్, ఆ వెనకే పాకిస్తాన్ అణుపరీక్షలు జరిపినప్పుడు రెండింటినీ వ్యతిరేకించాడు. వీధుల్లో మిఠాయిలు పంచుతున్న రోజుల్లో అలా రాయడం తేలిక కాదు. 1999లో ఇస్లామాబాద్‌లో మరణించేదాకా ఆయన ‘మనం’ ఏ ప్రభుత్వంతోనూ కలిసిపోలేదు. ఆయనకూ పరిమితి ఉంది: రాసింది ఇంగ్లీషులో. కరాచీ పక్కనున్న ఇబ్రహీం హైదరీ జాలరిపేటలో ఆ వ్యాసాలు ఎందరు చదివి ఉంటారు? తెలుగులో మాట్లాడే మన ఆచార్యులకు ఆ అడ్డంకి లేదు. వారి మాట నేరుగా హార్బర్‌కు చేరుతోంది. చేరి ఏం చెబుతోందన్నదే ప్రశ్న.

ఇక్కడ అభ్యుదయవాదులం మనం కూడా జాగ్రత్తపడాలి. ‘మత్స్యకారుడు’ అనగానే అందరినీ ఒకే గాటన కట్టడం మన అలవాటు. పాక్ జలసంధిలో తమిళనాడు ట్రాలర్లు సముద్రపు అడుగు ఊడ్చేస్తుంటే నష్టపోతున్నది యుద్ధంలో సర్వం కోల్పోయిన జాఫ్నా తమిళ జాలరి. విశాఖ తీరంలోనే 2022 జనవరిలో రింగు వలల వివాదం బోట్లు తగలబెట్టుకునేదాకా వెళ్ళింది. బోటు యజమానికీ కళాసీకీ ప్రయోజనం ఒకటి కాదు. కాబట్టి ప్రభుత్వపు ‘మనం’ తీసేసి ప్రాంతపు ‘మనోళ్ళు’ పెట్టుకుంటే సరిపోదు. మన జైళ్ళలో ఉన్న ఆ 81 మంది కూడా ఆ మాటలోకి రావాలి. తండేలు ఆ మాట అనలేదు. కాని నేను అంకెలు చెప్పినప్పుడు ఆయన కాసేపు ఊరుకుని, “ఆళ్ళకీ పెళ్ళాం పిల్లలుంటారు కదా మాస్టారూ” అన్నాడు. మూడు దేశాల ఒప్పందాలు చదివిన ఆచార్యుల నోట ఆ వాక్యం నేనింతవరకు వినలేదు.

1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి సభ సందర్భంగా ఈ విశాఖపట్నం విద్యార్థులే కరపత్రం వేసి, మీరు ఎవరి పక్షమని రచయితలను నిలదీశారు. ఆ ప్రశ్న తెలుగు సాహిత్యాన్ని రెండుగా చీల్చింది, ముందుకూ నడిపింది. అది కవులకూ కథకులకూ మాత్రమే వర్తిస్తుందని ఎవరూ రాసిపెట్టలేదు. విశ్వవిద్యాలయపు జ్ఞానం ప్రజల సొమ్ముతో సమకూరింది. దాని లెక్క అడిగే హక్కు హార్బర్‌లో వల అల్లుతున్నవాడికి ఉంది. ఆచార్యులు తమ తర్వాతి వ్యాఖ్యానానికి ముందు ఒక్కసారి ఆ జెట్టీ మీద కూచుని, తాము పలకబోయే ‘మనం’లో ఎవరున్నారో, ఎవరు లేరో లెక్కపెట్టుకోవాలి. వారు లెక్కపెట్టకపోతే విమర్శకులుగా ఆ పని మనం చెయ్యాలి.