కగుణింతం పూసిన పెరడు

పొద్దు పొడవకముందే కోయాలి కనకాంబరాన్ని. ఎండకు వాడిపోతుందని కాదు, రెండు రోజులైనా తల వేలాడేయని పువ్వది. మంచు ఆరని వేళ కోసిన పువ్వుకే సంతలో కళ ఉంటుందని మా అవ్వ అనేది. పచ్చని కంకికి నాలుగు పలకలు. ఆ పలకల సందుల్లోంచి అడుగువరసవి ముందు, పైవరసవి వెనక, రోజుకు కొన్నిగా విచ్చుకుంటూ పోతాయి పూలు. కంకిని తుంచకూడదు. విచ్చిన పువ్వును రెండు వేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగితే దారంలాంటి సన్నని గొట్టంతో సహా ఊడి వస్తుంది. విచ్చనిది ఎల్లుండిది. రోజు విడిచి రోజు కోత.

నాకు ‘క’ వచ్చింది ఈ పూలతోనే. పలక మీద కాదు, పేడతో అలికిన అరుగు మీద. కోసిన పూలలో గుప్పెడు తీసి అవ్వ వరసగా పేర్చేది. ముందు ఒళ్ళు, దానికి అటూ ఇటూ తిరిగిన ఒంపులు, ఆఖరున నెత్తిన తలకట్టు. “అక్షరానికి తలకట్టు పెట్టు పాపా, నీ తలకు నేను పూలు పెడతా” అనేది. తలకట్టు వంకరపోతే పూలు లేవు. నేర్చుకోవడానికి అంతకుమించిన ఆశ ఏ బడీ నాకు చూపలేదు.

కకారమా! హల్లులన్నిటికీ ముందు నడిచేదానా! గొంతు అడుగున పుట్టి నోరు తెరిపించేదానా! మా కుందారపల్లిలో నిన్ను మూడు బాసలవాళ్ళు ఈ పువ్వు పేరుతో పిలుస్తారు. తమిళంలో కనగాంబరం, కన్నడంలో కనకాంబర, తెలుగులో కనకాంబరం. బంగారు బట్ట అని అర్థం. నడిమి అక్షరం ఒక నోట మెత్తబడుతుంది, చివరి సున్న ఒక నోట రాలిపోతుంది. మొదటి క మాత్రం మూడు నోళ్ళలోనూ చెక్కు చెదరకుండా నిలిచి ఉంటుంది.

శుక్రవారం మా ఊరి సంత. మేకల అరుపులు, గొర్రెల దుమ్ము, బేరాల చేతులు. ఆ గోలలో తడిగుడ్డ కప్పిన ఒక పూలబుట్ట. గుడ్డ తీస్తే నిప్పురవ్వల కుప్ప. కొనేవాళ్ళలో ఒకరు మొళం అంటారు, ఒకరు మొళ అంటారు, మేము మూర అంటాం. మోచేతినుంచి నడిమివేలి కొసదాకా అందరికీ అదే కొలత.

పేరు వెతుక్కుంటూ నువ్వు, కకారమా, పూలదాకానే పోయి ఆగలేదు. కృష్ణగిరి, హొసూరుల చుట్టుపక్కల ఈ నేలమీద నీ గుణింతం ఊళ్ళై మొలిచింది. దీర్ఘమిస్తే కావేరిపట్నం. కొమ్మిస్తే కురుబరపల్లి, మా కుందారపల్లి. వట్రసుడి ఇస్తే కృష్ణగిరి. ఎత్వమిస్తే కెలవరపల్లి, దాని ఆనకట్ట, ఆనకట్ట వెనక ఆగిన దక్షిణ పినాకిని. అదే ఎత్వంతో కెలమంగలం. చిన్నప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరి పేరు వినబడ్డప్పుడల్లా గుణింతంలో దాని చోటు వెతుక్కునేదాన్ని.

కనకాంబరానికి వాసన లేదు. ఇది దాచవలసిన సంగతి కాదు. కర్ణికారాన్ని చూసి కాళిదాసు నొచ్చుకున్నాడు, కుమారసంభవం మూడో సర్గలో: ఇంత రంగు ఇచ్చి ఇంత పరిమళం ఇవ్వలేదే అని. కర్ణికారమంటే మనం రేల అనే పువ్వేనని చాలామంది చెబుతారు. వేసవిలో చెట్టంతా పసుపు గొలుసులై వేలాడే పువ్వు, అదీ క పువ్వే. ఆ నొప్పి నాకు అర్థమవుతుంది గాని, ఒప్పుకోలేను. మా అవ్వ అరటినారతో కట్టిన మాలలో కనకాంబరం పక్కన మల్లె ఉండేది, మల్లె పక్కన మరువం, పండగనాడు దవనం. మల్లె సాయంత్రానికి నలుపెక్కేది. మర్నాడు జడలో రంగు నిలిపింది కనకాంబరమే, నిన్నటి మల్లె వాసనను తన రేకుల్లో దాచుకుని. కాళిదాసు మా ఊరి జడను చూసి ఉంటే ఆ శ్లోకాన్ని అక్కడ ఆపేవాడు కాడేమో.

కనకాంబరం పుట్టిల్లు ఈ దక్షిణాదీ, సింహళమూ. పరాయి పువ్వు కాదు. మడుల్లో ఇప్పుడు ఎక్కువగా కనబడేది ఢిల్లీ కనకాంబరం. పువ్వు పెద్దది, రంగు గాఢం, సంతలో గిరాకీ దానికే. కానీ అది విత్తు కట్టదు, కొమ్మ విరిచి నాటుకోవాలి. మా పెరట్లోది పాతరకం. కంకి ఎండి గోధుమరంగుకు తిరిగాక దాని కాయమీద నీళ్ళు పడితే టప్పున పగిలి గింజలను దూరంగా విసురుతుంది. మేము ఎండుకాయలను నీళ్ళగిన్నెలో వేసి చెవి దగ్గర పెట్టుకునేవాళ్ళం. వేరుకు తెగులు తగిలితే మడి మడంతా వాడి చచ్చిపోతుంది. అట్లాంటి ఏడాది కూడా వానకు ఎక్కడో గోడవార రెండాకులు లేచేవి. అవ్వ వాటిచుట్టూ ముళ్ళకంప కట్టేది.

క నుంచి కా కి పోదాం. చలికాలం వచ్చిందంటే కాకడమల్లె. తెల్లగా, నక్షత్రంలా, గుత్తులు గుత్తులుగా. సంస్కృతం దీన్నే కుందం అంటుంది. ఒకే పువ్వు దీర్ఘంలో ఒకసారి, కొమ్ములో ఒకసారి పూసిందన్నమాట. పోతన భాగవతం మొదట్లో సరస్వతిని తలుచుకుంటూ లోకంలోని తెల్లనివన్నీ పోగుచేసినప్పుడు కాశపుష్పాన్నీ, అంటే రెల్లుపువ్వునూ, కుందాన్నీ మందారాన్నీ మరవలేదు. కుందం, మందారం: రెండు పేర్లనూ కలిపి గబగబా పలికితే మా ఊరి పేరు వినబడుతుంది నాకు. ఊరికి పేరు వచ్చింది అందువల్లనే అని నేను అనను. అట్లా వినబడుతుందని మాత్రం అంటాను. కుందారపల్లి అని రాసినప్పుడల్లా నా కలం కొన నుంచి ఒక తెల్లపువ్వు రాలుతుంది.

కాకరపువ్వును ఎవరూ కొప్పులో పెట్టుకోరు. లేతపసుపు రేకులు, పందిరిమీద ఒక పూట. అయినా దీపావళినాడు పిల్లల చేతిలో చిటపటలాడే పుల్లకు తెలుగువాళ్ళు కాకరపువ్వొత్తి అని పేరు పెట్టుకున్నారు. చేదుతీగ పువ్వును వెలుగులో చూడగలిగిన ఆ కళ్ళు ఎవరివో గాని, వాటికి దండం. కాశీరత్నం సంగతీ ఇంతే. ఆ ఎర్రచుక్క తీగ అమెరికా ఖండపు ఉష్ణసీమల నుంచి వచ్చింది. వచ్చినదానిని మనవాళ్ళు పరాయిదానా అనకుండా ఏకంగా కాశీకి దత్తత ఇచ్చారు.

గుడిస్తే కి, కింశుకం. చిలుకా ఏమిటి అని అడిగే పేరు. మాఘమాసం దాటి ఆకులన్నీ రాలిన మోదుగ కొమ్మమీద వంకరముక్కుల ఎర్రని పూలను చూసినవాడు ఎవడైనా అట్లాగే అడుగుతాడు. ఆ చెట్టు ఆకుల్లో మేము అన్నం తిన్నాం. విస్తరి కుట్టిన ఈనెపుల్ల నా వేలికి గుచ్చుకున్న చోటు ఇప్పటికీ తెలుసు.

ఇక మిగిలిన గుణింతంలో చాలావరకు నింపడానికి ఒక్క చెరువు చాలు. కమలం, కలువ, కువలయం, కెందామర, కైరవం, కోకనదం, చివర సున్నతో కంజం. కొన్ని పొద్దును చూసి విచ్చేవి, కొన్ని చంద్రుణ్ణి చూసి. గట్టుమీద మొగలిపొద ఉంటే కేతకి కూడా వచ్చి చేరుతుంది, ముళ్ళతో, మత్తెక్కించే వాసనతో. దేవకాంచనం కోవిదారమై కో పక్కన నిలబడుతుంది.

కలువ దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. తెలుగు వ్యాకరణంలో ద్రుతం పక్కన నిలబడితే కలువ గలువ అవుతుంది. ముందున్న నకారపు చలువకు పరుషం సరళమైపోతుంది. తమిళంలోనూ అంతే, క అని రాసిన అక్షరమే ముక్కుతో పలికే అక్షరం వెనక గ అని పలుకుతుంది. తమిళానికి క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే గుర్తు. ఆ లెక్కన గన్నేరు, గులాబి, గోరింట, గరుడవర్ధనం అన్నీ నీ ఇంటి ఆడబిడ్డలే, కకారమా! ఇక కన్నడ క, మన క ఎదురెదురుగా నిలబడితే తలకట్టు దగ్గర తప్ప తేడా చెప్పలేం. అక్కచెల్లెళ్ళు పాపిడి వేరువేరుగా తీసుకున్నట్టు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అన్న కూతురికి ఏడేళ్ళు. బడిలో తమిళం చక్కగా రాస్తుంది, నాకంటే బాగా రాస్తుంది. తెలుగు ఇంట్లో మాట్లాడుతుంది, రాయదు. 2006లో తమిళనాడులో వచ్చిన చట్టంతో ఒకటో తరగతినుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికొక తరగతి చొప్పున పాకి 2016 నాటికి పదో తరగతిని చేరింది. బతుకుతున్న నేల బాస నేర్వడం తప్పు కాదు, నేర్వాలి. కానీ మా వీధిలో తెలుగులో ఏడ్చి, తెలుగులో నవ్వి, తెలుగులో అన్నం అడిగే పిల్లలు తమ పేరు తెలుగులో రాయలేకపోవడం చూస్తే గుండె కలుక్కుమంటుంది. ఆ కలుక్కుమనడం కూడా నీతోనే మొదలవుతుంది, కకారమా, ఏం చేయను.

మళ్ళీ పూల దగ్గరకు వస్తే, హొసూరు చుట్టూ ప్లాస్టిక్ పైకప్పుల కింద గులాబీలు పెరుగుతున్నాయి. ఫిబ్రవరి 14 కోసం పెట్టెల్లో సర్దుకుని, చల్లని గదుల్లో సేదతీరి, విమానమెక్కి సముద్రాలు దాటుతాయి. వాటిని కాడల లెక్కన ఎంచుతారు. వాటిమీద ఆధారపడి ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలుగుతోందో నాకు తెలుసు, వాటినీ చల్లగా ఉండమంటాను. కనకాంబరం విమానమెక్కదు. తడిగుడ్డలో ముడుచుకుని బస్సులో పోతుంది. పొద్దున కోసిన చేయి, మధ్యాహ్నం కట్టిన చేయి, సాయంత్రం ముడుచుకున్న తల, అన్నీ బస్సు పోయేంత దూరంలోనే ఉంటాయి.

పోయిన శుక్రవారం తెల్లవారుజామున పాప నా వెంట పెరట్లోకి వచ్చింది. కోత అయ్యాక అరుగుమీద కూర్చోబెట్టి గుప్పెడు పూలు చేతిలో పోశాను. క పేర్చింది. తమిళ క లాగా మొదలుపెట్టి, నా మొహం చూసి, తుడిచి మళ్ళీ పేర్చింది. తలకట్టు నేను పెట్టలేదు, తనే పెట్టింది. తరువాత కా, కి. ఒక్కొక్కదానికి పువ్వు పేరు అడిగింది, చెప్పాను.

“కీకి ఏం పువ్వు అత్తా?”

వెతికాను. కీకి దొరకలేదు. కూకి దొరకలేదు. కౌకి కూడా లేదు.

“లేదే పాపా.”

పాప లేచి మడి దగ్గరకు పోయింది. అప్పుడే పూలు కోసిన కంకిని వంచి చూసింది. పైవరసలో ఆకుపచ్చ పలకల మధ్య ఇంకా విచ్చని మొనలు.

“ఇవి ఎప్పుడు పూస్తాయి?”

“ఎల్లుండి.”

“ఐతే కీ ఎల్లుండి రాస్తా” అంటూ తిరిగి వచ్చి, కి పక్కన ఒక జానెడు నేల ఖాళీగా వదిలి, కు పేర్చడానికి కూర్చుంది. కొమ్ముకు పూలు చాలలేదు. బుట్టలోంచి ఇంకో గుప్పెడు తీసి ఇచ్చాను. ఆ రోజు సంతకు రెండు మూరలు తక్కువ పోయాయి.