గొంతు మారిన పాట: వంతకు చోటెక్కడ?

2024 జూన్ 2న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో 'జయ జయహే తెలంగాణ' రాష్ట్ర గీతంగా కొత్త రికార్డింగులో వినిపించింది. రాసినాయన అందెశ్రీ. కొత్తగా సంగీతం కట్టినాయన కీరవాణి. పాట మాత్రం కొత్తది కాదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడిచినన్నాళ్లూ సభల్లో, ధర్నాల్లో, యూనివర్సిటీ హాస్టళ్లలో, బడి ప్రార్థనల్లో జనం నోళ్లలో నలిగిందే. 2014లో రాష్ట్రం వచ్చినప్పుడు ఇదే రాష్ట్ర గీతం అవుతుందని చాలామంది ఎదురుచూశారు. కాలేదు. పదేండ్లు గడిచి ప్రభుత్వం మారినాక, 2024 ఫిబ్రవరిలో మంత్రివర్గం ఆ నిర్ణయం చేసింది. తీరా పాట కొత్త గొంతులతో, కొత్త వాద్యాలతో వచ్చేసరికి, ఇన్నాళ్లు దాన్ని మోసినవాళ్లే రెండు పాయలైపోయారు.

తెలంగాణ కోసం కొట్లాడిన పాటకు ఆంధ్ర సంగీత దర్శకుడెందుకన్నది ఒక పాయ. తెలంగాణ సినీ మ్యుజీషియన్స్ అసోసియేషన్ ముఖ్యమంత్రికి ఉత్తరం కూడా రాసింది. ఆస్కార్ తెచ్చిన మనిషి చెయ్యి పడితే పాటకు గౌరవమే గదా అన్నది ఇంకో పాయ. కీరవాణిని ఎంచుకున్నది అందెశ్రీయేనని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చెప్పారు. దాంతో వాదం పార్టీల చేతుల్లోకి పోయింది. పార్టీల చేతుల్లోకి పోయినాక పాట గురించి ఎవరూ మాట్లాడరు.

ఆ ప్రాంతం అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయను. మాది అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం. ఆ ఉద్యమంలో మాకు పాలు లేదు. కానీ తెలంగాణ మాటను తెలుగు సినిమా ఎన్నేండ్లు జోకర్ల నోట, రౌడీల నోట పెట్టిందో మాకు తెలుసు. మా సీమ మాటను వేటకొడవలి పట్టుకున్నవాడి నోట పెట్టింది గూడా ఆ సినిమానే. కాబట్టి ఆ మంట అబద్ధం కాదు. నా పేచీ వేరే. సంగీత దర్శకుడిది ఏ జిల్లా అని అడిగినంత గట్టిగా, ఈ పాటను ఇంతకాలం బతికించిన గొంతులకు కొత్త రికార్డింగులో చోటేది అని ఎందుకు అడగలేకపోయారు? బడి మొహం చూడకుండా, గొర్లు కాసి, తాపీ పని చేసి కవి అయిన మనిషి పాట అది. దాని పుట్టుకలో ఉన్న కూలి బతుకు సంగతి ఆ వాదంలో యాడన్నా వినపడిందా? ప్రాంతం పేరు చెప్పుకుంటే అన్ని కులాలవాళ్లూ ఒక వేదిక మీద నిలబడొచ్చు. కూలోడి గొంతు అంటే వేదిక మీద కొందరికి ఇబ్బంది.

అసలు గొంతు మారితే పాట చెడుతుందా? అభిమానులు చెడుతుందంటారు. పాత గొంతు చెవిలో గూడు కట్టుకుని ఉంటుంది. కొత్తది ఎంత బాగున్నా పరాయిగానే తోస్తుంది. ఏ దేశంలోనైనా ఒక బృందం గాయకుణ్ణి మార్చి కొత్త రికార్డు తెస్తే ఈ గొడవే. అయితే దళితుల పాట సంప్రదాయం ఈ 'అసలు గొంతు' పిచ్చిని ఎప్పుడూ ఒప్పుకోలేదు. మా జిల్లాలో ఉరుములు ఉన్నాయి. గంగమ్మ జాతరలో ఉరుము వాయిస్తూ కథ చెప్పేవాళ్లు దళితులు. తండ్రి చేతి ఉరుము కొడుకు మెడకు వస్తుంది, గొంతు మారుతుంది, కథ నడుస్తుంది. శెనక్కాయ కట్టె పీకేకాడ ఒకామె పాట ఎత్తుకుంటే తతిమ్మా ఆడవాళ్లు అందుకుంటారు. ఆ ఎత్తుకునే ఆమె ఒకరోజు కూలికి రాకుంటే ఇంకొకామె ఎత్తుకుంటుంది. పాట పోయిందని ఏ ఒక్కరూ ఏడవరు. ఎత్తుకునే గొంతు ఎవరిదైనా, అందుకునే గొంతులు ఉన్నాయా లేదా అన్నదే అక్కడ లెక్క.

దీనికి పెద్ద రుజువు జన నాట్య మండలి చరిత్ర. 1972లో పుట్టిన ఆ బృందానికి గద్దర్ గొంతే ముఖం. గొంగడి, గజ్జెలు, చేతిలో కర్ర, పాట మధ్యలో ఆపి జనంతో మాట్లాడే తీరు, మళ్లీ ఉరికినట్టు పల్లవిలోకి దూకడం, ఇదంతా ఒక మనిషి ఒంటికి అతుక్కుపోయిన కళ. అట్లాంటి మనిషి 1985లో అజ్ఞాతంలోకి పోయాడు. 1990 ఫిబ్రవరిలో హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో జనం ముందుకొచ్చేదాకా దాదాపు ఐదేండ్లు గద్దర్ లేని కాలం. ఇప్పటి భాషలో చెప్పాలంటే, బృందం తన ముఖ్య గాయకుణ్ణి పోగొట్టుకుంది. మరి పాట ఏమైంది?

ఆ ఏడాదే, 1985 జులై 17న, కారంచేడు జరిగింది. మాదిగలను తరిమి తరిమి చంపారు. సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. కారంచేడు మీద గద్దర్ కట్టిన పాట, దళితులను పులులని పిలిచిన పాట, కట్టినవాడు కంటికి కనపడని కాలంలోనే దళితవాడలన్నీ తిరిగింది. పాడినవాళ్లు బజారు కుర్రాళ్లు, హాస్టలు పిల్లలు, టీచర్లు, చర్చిలో కీర్తనలు పాడే అక్కలు. రాసిందెవరో తెలియకుండా పాడినవాళ్లూ ఉండే ఉంటారు. శ్రుతి తప్పింది, మాటలు మారాయి, ఒక్కో ఊర్లో ఒక్కో చరణం పోయింది. అయినా ఆ పాట గద్దర్ నోట ఉన్నదానికంటే పెద్దదైంది. గాయకుడు మారడం నష్టమే అయితే ఆ ఐదేండ్లలో అది చచ్చిపోవాల.

కాబట్టి కొత్త గొంతు మీద కోపం తెచ్చుకునే అభిమాని నిజంగా దేనికి బాధపడుతున్నాడో ఇంకొంచెం లోపలికి పోయి చూడాల. దానికి 1995 నాటి 'ఒరేయ్ రిక్షా' మంచి ఉదాహరణ. దాసరి నారాయణరావు తీసిన సినిమా, ఆర్. నారాయణమూర్తి హీరో. అందులో 'మల్లెతీగకు పందిరివోలె' పాట గద్దర్ రాశాడు. సంగీతం, గొంతు వందేమాతరం శ్రీనివాస్‌వి. శ్రీనివాస్ పరాయివాడేం కాదు. ప్రజా నాట్య మండలిలో పాడి, 1985లో వచ్చిన 'వందేమాతరం' సినిమాతో ఇంటిపేరు మార్చుకున్న గాయకుడు. అయినా గద్దర్ పాటను గద్దర్ గొంతులోనే విన్నవాళ్లకు అది ఒప్పలేదు. విప్లవ పాట సినిమాకు అమ్ముడుపోయిందన్నారు. ఇంకొందరు, మీటింగులకు రాని ఆడవాళ్లు కూడా ఈ పాట విని కండ్లనీళ్లు పెట్టుకుంటున్నారు గదా అన్నారు. నంది అవార్డు వస్తే గద్దర్ తీసుకోలేదు.

ఆ రెండు మాటలూ సగం సగం నిజాలే. శ్రీనివాస్ గొంతు ఎత్తైనది, తెరిచిన గొంతు. చరణం చివర గుక్క పట్టి సాగదీస్తాడు, ఆ సాగదీతలో దుఃఖం పండుతుంది. గద్దర్‌కు ఆ గుక్క లేదు, అక్కరా లేదు. ఆయన చరణాన్ని మధ్యలో తెంచి మాటగా మారుస్తాడు. ఆ తెగిన చోటే డప్పు పడుతుంది, వెనకున్నవాళ్లు అందుకుంటారు. సినిమా పాటలో ఆ తెగిన చోటు లేదు. వాద్యాలొచ్చి దాన్ని పూడ్చేశాయి. గొంతు బాగున్నా వినేవాడికి చేసే పనేమీ మిగల్లేదు, కూర్చుని ఏడవడం తప్ప. అభిమాని 'గద్దర్ గొంతు లేదు' అంటున్నాడు గానీ, పోగొట్టుకున్నది గద్దర్ గొంతును కాదు, తన గొంతును. వంత పాడే తన చోటు పోయింది. ఆ సంగతి చెప్పుకోను మాట దొరక్క గాయకుణ్ణి తిడుతున్నాడు.

ఇంత అన్నాక ఆ పాట గురించి ఇంకో మాట చెప్పకుండా పోలేను. అందులో అన్న చెల్లెలి పాదం మీద పుట్టుమచ్చ అవుతానంటాడు. పురుషసూక్తం శూద్రుణ్ణి పాదాల నుంచి పుట్టించింది, మనల్ని ఆ పాదాల లెక్కలోకి గూడా రానీయలేదు. అట్లాంటి చోట ఒక దళిత కవి పాదాన్ని ముద్దు పెట్టుకునే చోటుగా చేశాడు. మామూలు అన్నాచెల్లెళ్ల సెంటిమెంటుగా వినేవాళ్లకు ఇది తగలదు. అయితే రెండు గొంతుల్లోనూ ఆ పాట మగవాడిదే. గద్దర్ పాడినా అన్నే మాట్లాడతాడు, శ్రీనివాస్ పాడినా అన్నే. చెల్లెమ్మ వింటుంది. గాయకుడు మారాడని ఇంత గొడవ పడ్డ మనకు, చెల్లెమ్మ నోరు విప్పలేదన్న సంగతి తోచనే లేదు. జన నాట్య మండలి పాటల్లో గద్దర్ వెనక వంత పాడిన ఆడవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి గుర్తున్నాయి?

మా ఊరికే ఇట్లాంటి కథ ఒకటుంది. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ఊరి రెడ్డి కోడలు ముసలమ్మ బలి అయిందన్న కథను తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి 1899లో 'ముసలమ్మ మరణం' రాశాడు. ఆధునిక ఖండకావ్యాలకు అది మొదలని సాహిత్య చరిత్రలు చెప్తాయి, పిల్లలకు పరీక్షల్లో ప్రశ్నగా వస్తుంది. పక్క కన్నడ సీమలో ఇట్లాంటి కథే 'కెరెగె హార' అని జానపదుల నోట పాటగా మిగిలింది. రెండింట్లోనూ చెరువు కోసం చచ్చేది కోడలే. కానీ పద్యమైన కథను నలుగురు కలిసి ఎత్తుకోలేరు. ఆ చెరువు తూము దగ్గర కాపు కాసిన నీరుగంటి ఆ పద్యాల్లో యాడా కనపడడు. కట్టమంచిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, ఆయన పని ఆయన బాగానే చేశాడు. గొంతు మారడమంటే గాయకుడు మారడం ఒక్కటే కాదని చెప్పడానికే ఇది.

గొంతును మార్చడం ఇంకా మోటుగా జరిగిన సందర్భం తమిళనాడులో చూశాం. 2021 మార్చిలో వచ్చిన 'ఎంజాయ్ ఎంజామి'ని దళిత కవి, గాయకుడు అరివు రాసి, ధీతో కలిసి పాడాడు. సిలోన్ టీ తోటల్లో చాకిరీ చేసి, వెళ్లగొట్టబడి వచ్చిన అతని అవ్వ వల్లియమ్మాళ్ బతుకు ఆ పాటకు మూలం. ఆ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ముఖచిత్రం మీద అరివు లేడు. దర్శకుడు పా. రంజిత్ నిలదీశాడు. 2022 జులైలో చెన్నైలో చదరంగం ఒలింపియాడ్ ప్రారంభ సభలో ఆ పాటను ధీ, కిడకుళి మారియమ్మాళ్ పాడారు. అరివు అక్కడ లేడు. మారియమ్మాళ్ జానపద గాయని, ఆమెను అనడానికేం లేదు. పాటలో పని ఎవరిదెంత అని అరివుకూ సంగీతకారుడు సంతోష్ నారాయణన్‌కూ మధ్య బహిరంగంగా మాటలు నడిచాయి. అభిమానులు అక్కడా రెండయ్యారు. అక్కడ గాయకుడు చనిపోలేదు, అజ్ఞాతానికి పోలేదు, బృందం విడిచి పోలేదు. అతని అవ్వ కథ వేదిక మీద ఉంది, అతను లేడు. కారంచేడు పాటకు జరిగింది దీనికి తలకిందులు. అక్కడ కవి లేకున్నా అతని జనం పాడుకున్నారు. ఇక్కడ కవి ఉండగానే పాట మీద వేరేవాళ్ల కాపలా వచ్చింది. 'పాట అందరిదీ' అనే మాటను ఈ రెండు చోట్లా ఒకే అర్థంలో వాడితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

ఈ కొలతతోనే మళ్లీ 'జయ జయహే' దగ్గరికి వస్తాను. అరివుకు జరిగింది అందెశ్రీకి జరగలేదు. ఆయన పేరు చెరిగిపోలేదు, పైగా ఎంపిక ఆయనదేనన్నారు. ఒక పేదింటి కవి తన పాటను పెద్ద వాద్యబృందంతో వినాలనుకుంటే, 'నువ్వు డప్పుతోనే ఉండు, అదే నీ అసలుతనం' అని చెప్పడానికి మనమెవరం? ఆ మాటలో గూడా ఒక అగ్రవర్ణ ముద్దు ఉంది, దళితుడు ఎప్పుడూ చెప్పుల్లేకుండా కనపడితేనే వాళ్లకు అందం. కాబట్టి వాద్యాలు పెరగడం నాకు అభ్యంతరం కాదు.

అయితే రెండు రూపాలు చేశారు. ప్రభుత్వ కార్యక్రమాలకు రెండున్నర నిమిషాలది, పూర్తి పాట పదమూడున్నర నిమిషాలది. చిన్నది లేచి నిలబడడానికి, పెద్దది కూర్చుని వినడానికి. ఉద్యమంలో ఈ పాట ఈ రెండూ కాదు, అది నడుస్తూ పాడుకున్న పాట. స్టూడియో కోరస్ ఎంత నిండుగా ఉంటే మైదానంలో ఉన్నవాడు అంత మూగపోతాడు, అతను పాడాల్సిన భాగాన్ని ముందే జీతానికి పాడించేశారు గనక. లౌడ్‌స్పీకరులో అది మోగుతుంటే చేతులు కట్టుకుని నిలబడడమే మర్యాద. 'ఇది మా పాట లాగా లేదు' అని చాలామంది అన్నది ఇక్కడ సరైన విమర్శే, కారణం కింద కీరవాణి ఊరు చెప్పడమే తప్పు. అదే కోరస్ ఏ తెలంగాణ సంగీత దర్శకుడు కట్టించినా ఆ మైదానం మూగగానే ఉండేది.

గద్దర్ 2023 ఆగస్టు 6న పోయాడు. అల్వాల్‌లో తాను పెట్టిన మహాబోధి బడి ఆవరణలోనే బౌద్ధ పద్ధతిలో ఖననం చేశారు. 2024 జనవరిలో నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరిట సినిమా అవార్డులిస్తామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది, 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చింది. నంది వద్దన్న మనిషి పేరే ఇప్పుడు నందికి బదులు. 2025 నవంబరు 10న అందెశ్రీ కూడా పోయాడు. ఇక ఈ పాటలన్నీ వేరే గొంతుల్లోనే బతకాల. ఇప్పటికే గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని, గద్దర్ దగ్గుతో సహా అనుకరించేవాళ్లు ప్రతి మీటింగులో ఒకరు తయారవుతున్నారు. జనం చప్పట్లు కొడుతున్నారు. నాకు మాత్రం ఆ అనుకరణ కంటే శ్రుతి తప్పి పాడే హాస్టలు పిల్లాడే మేలనిపిస్తాడు. వాడికి గద్దర్‌ను చూపించాలని లేదు, పాటతో వాడికి పనుంది.

పాటల రికార్డింగులు చేస్తున్న మన మిత్రులకు రెండు సంగతులు. వంత పాడినవాళ్ల పేర్లు, ఊర్లు అచ్చు వేయండి. పాటలో తెగిన చోటును వాద్యంతో పూడ్చకండి. చెల్లెమ్మ పాటను ఈసారి ఒక చెల్లెమ్మ చేత ఎత్తించండి, శెనక్కాయ కూలికి పోయే మనిషి చేతనే. అన్న చెప్పిన మాటలన్నీ విన్నాక ఆమె ఏ చరణం ఉంచుతుందో, ఏది తీసేస్తుందో, ఎక్కడ ఆగి ఏం అడుగుతుందో వినాలని ఉంది.