తాళంచెవి గీసిన గీత

వీధిలో నిలిపిన కారుకు పరాయి చేయి చేసే నష్టాల్లో తరచుగా కనిపించేది గీత. తాళంచెవితోనో, మేకుతోనో, రాయితోనో ఎవరో పక్కనుంచి నడిచిపోతూ లాగేస్తారు. అద్దం పగలగొట్టడం, టైరు కోయడం, వైపరు వంచడం, సైడు మిర్రర్ విరగ్గొట్టడం ఆ తర్వాతివి. వీటన్నిటిలో గీతను బాగుచేయడమే తేలికనిపిస్తుంది. అసలు కష్టం అక్కడే ఉంది. పగిలిన అద్దానికి బదులు కంపెనీ అద్దమే దొరుకుతుంది. కంపెనీ వేసిన రంగు మాత్రం మళ్లీ దొరకదు.

ఈ వారం ఈ శీర్షికను కదిలించింది అలాంటి గీతే. సికింద్రాబాదులో ఇంటి ముందు నిలిపిన ఒక సిల్వర్ కారుకు ముందు డోరు నుంచి వెనక డోరు దాకా మూడడుగుల గీత పడింది. వర్క్‌షాపు రాసిచ్చిన అంచనాలో ఆ రెండు డోర్లతో పాటు ముందు ఫెండరు, వెనక చక్రం మీది ప్యానెల్ కూడా ఉన్నాయి. గీత తగలని భాగాలకు రంగు డబ్బులెందుకని యజమాని అడిగాడు. ఎవరికైనా అది దోపిడీగానే తోస్తుంది. రిపేరు మాటొస్తే రోడ్డు పక్క షెడ్డు వైపే మొగ్గుతుందని పేరున్న ఈ శీర్షికకూ మొదట అలాగే తోచింది. కానీ తీర్పుకు ముందు ఆ రంగు ఎలా తయారైందో చూడాలి.

కారు రేకు మీద కంపెనీ వేసేది ఒక పూత కాదు, నాలుగు. రేకును రంగు తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో మూలమూలకూ పట్టించే తుప్పు నిరోధక పూత మొదటిది. దాని మీద ప్రైమర్. ఆ పైన కంటికి కనిపించే రంగు, దీన్ని బేస్ కోటు అంటారు. అన్నిటికీ పైన రంగులేని, మెరుపునిచ్చే క్లియర్. అన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో క్లియర్ వాటా 40, 50 మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. వెంట్రుక కన్నా పలచని ఈ క్లియర్ పొరలోకి గీత ఎంతవరకు దిగిందన్న దాని మీదే రిపేరు అంతా ఆధారపడుతుంది.

లోతు చూడడానికి యంత్రం అక్కర్లేదు. గీత మీద నీళ్లు చల్లాలి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమైతే అది క్లియర్‌లోనే ఉంది. ఆరాక వేలిగోరును అడ్డంగా జరపాలి. గోరు జారిపోతే పాలిష్‌తో పోతుంది. గోరు తట్టుకుంటే గీత క్లియర్‌ను దాటినట్టే అనుకోవాలి. గీత లోపల తెలుపో బూడిద రంగో కనిపిస్తే ప్రైమర్ బయటపడింది. లోహం తళుక్కుమంటే రేకు తేలింది.

క్లియర్‌లోని గీతను తీయడమంటే గీతను పూడ్చడం కాదు. దాని చుట్టూ ఉన్న క్లియర్‌నే గీత అడుగు దాకా అరగదీయడం. 2000 నంబరు వాటర్ పేపర్‌ను నీళ్లలో నానబెట్టి మెల్లగా రుద్ది, 3000తో నున్నచేసి, రబ్బింగ్ కాంపౌండ్ పట్టించి, చివర పాలిష్ పెడతారు. ప్రతిసారీ కొన్ని మైక్రాన్లు పోతాయి. ఉన్నదే 50 మైక్రాన్లు గనుక ఏటా పాలిష్ చేయించే కారు కొన్నేళ్లకు ఎండకు తట్టుకోలేక మచ్చలు తేలుతుంది. దుమ్ము పట్టిన డోరు మీద పిల్లలు వేలితో పేర్లు రాయడం కూడా ఈ కోవలోదే. దుమ్ములోని ఇసుక రేణువు క్లియర్ కన్నా గట్టిది. కడిగేశాక కూడా ఆ పేరు ఎండలో కనిపిస్తుంది. కడగని కారు మీద కవరు కప్పినా, గాలికి గుడ్డ ఆడినంతసేపూ అదే రాపిడి.

రేకు తేలిన గీతను వదిలేయకూడదు. విశాఖలో, కాకినాడలో ఉప్పుగాలికి తుప్పు ముందు గీత అంచు దగ్గర మొదలై, రంగు కిందికి పాకి, పొక్కులుగా లేస్తుంది. తర్వాత డోరంతా గీకాలి. కారు రంగు కోడ్ డోరు స్తంభం మీదో, ఇంజను గదిలోని ప్లేటు మీదో ఉంటుంది. ఆ కోడ్ ప్రకారం కలిపిన రంగును సన్నని కుంచెతో గీతలో మాత్రమే నింపి పైన క్లియర్ చుక్క పెడితే, దగ్గరికెళ్లి చూస్తే తెలిసినా తుప్పు ఆగుతుంది.

గీతలో మాత్రమే నింపి వదిలేయడం చాలామందికి నచ్చదు. గీత కనిపించకూడదంటారు. ఒకప్పుడు అది సాధ్యమయ్యేది. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో పేరుతో నైట్రోసెల్యులోజ్ లాకర్ తెచ్చింది. జనరల్ మోటార్స్ తన ఓక్లాండ్ కారుకు మొదట దాన్ని నీలిరంగులో వేసింది. అంతకుముందు నూనె వార్నిష్‌లు పూతమీద పూత ఆరడానికి వారాలు పట్టేవి. ఇది గంటల్లో ఆరేది. ఆ పేరు ఎంతగా నాటుకుపోయిందంటే నేటికీ మన ఊళ్లలో బీరువాకో మంచానికో గన్‌తో కొట్టే రంగును డ్యూకో అనే అంటారు.

డ్యూకో గొప్పతనం ఆరడంలో కన్నా కరగడంలో ఉంది. ఆరిన లాకర్ మీద థిన్నర్ కలిపిన కొత్త లాకర్ పడితే పాతది మెత్తబడి కొత్తదానితో కలిసిపోతుంది. అతుకు ఉండదు. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు తిరిగిన రోజుల్లో విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల టింకరింగ్ షెడ్డు మేస్త్రి అరచేయంత మేర రంగు కొట్టి, అంచు మీద థిన్నర్ చల్లి, ఆరాక కాంపౌండ్ పట్టిస్తే దెబ్బ ఎక్కడ తగిలిందో యజమానికే గుర్తుండేది కాదు. ముందు సుత్తితో కొట్టి, వెనక డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి సొట్టను లేపడం, లప్పం ఎంత పలచగా పెడితే అంత మంచిదన్న పట్టుదల, అరచేతిని గుడ్డ మీదుగా రేకు మీద జరిపి ఎత్తుపల్లాలు పసిగట్టడం ఆ షెడ్ల విద్య. కంటికి అందని అలను ఆ చేయి పట్టుకునేది. ఈ విద్యను కాపాడుకోవాలని ఈ శీర్షిక చాలాసార్లు వాదించింది. ఇప్పుడూ ఆ మాట మారలేదు.

మారింది రంగు. ఇప్పటి క్లియర్ రెండు డబ్బాలది, ఒకటి క్లియర్, రెండోది హార్డ్‌నర్. రెండూ కలిశాక జరిగే రసాయన చర్య వల్ల అది గట్టిపడుతుంది. గట్టిపడ్డాక థిన్నర్‌కు కరగదు. అందుకే డోరు మధ్యలో ఆపితే అంచు కనిపిస్తుంది, కొన్నాళ్లకు అక్కడ లేచిపోతుంది కూడా. క్లియర్‌ను ప్యానెల్ చివరిదాకా కొట్టాల్సిందే. సిల్వర్‌లో ఇంకో చిక్కుంది. అందులో మెరిసేవి సన్నని అల్యూమినియం రేకులు. గన్ దూరం, గాలి ఒత్తిడి, చేతి వేగం మారితే అవి పడుకునే తీరు మారుతుంది. అదే డబ్బాలోని రంగు ఒక డోరు మీద లేతగా, పక్క డోరు మీద ముదురుగా కనిపిస్తుంది. దీన్ని దాచడానికి బేస్ కోటును పక్క ప్యానెల్‌లోకి క్రమంగా పలచబరుస్తూ తీసుకెళ్లి ఆపుతారు. పైన క్లియర్ మాత్రం ఆ ప్యానెల్ అంతా కొడతారు.

కాబట్టి సికింద్రాబాదు కారు అంచనాలో నాలుగు ప్యానెళ్లు ఉండడం దోపిడీ కాదు, పని తెలిసినవారి లెక్క. మామూలు తెలుపైతే రెండు డోర్లతో సరిపోయేది. ఆ నాలుగు ప్యానెళ్లకూ రంగు వేయించాలా అన్నది వేరే ప్రశ్న. కంపెనీలో వట్టి బాడీని 140 డిగ్రీల దాకా వేడిచేసి రంగు పండిస్తారు. తయారైన కారులో వైర్లు, ప్లాస్టిక్ ఉంటాయి గనుక వర్క్‌షాపు బూత్‌లో వేడి 60 డిగ్రీల దగ్గర ఆపాలి, కనుక అక్కడి రంగు కంపెనీ రంగుకు సాటి రాదు. పైగా సెకండ్‌హ్యాండ్ కారు కొనేవారు ఇప్పుడు మందం కొలిచే మీటరు తెస్తున్నారు. 250 మైక్రాన్లు చూపిన డోరును యాక్సిడెంటు డోరుగానే లెక్కేస్తారు.

మిగతా నష్టాలకు ఇంత ఆలోచన అవసరం లేదు. రంగు చెదరని సొట్టను లోపలి నుంచి కడ్డీలతో నెట్టి, రంగు కొట్టకుండానే తీసే పనివారు నగరాల్లో ఉన్నారు. డోరు అద్దం చిన్నచిన్న ముక్కలుగా రాలుతుంది, ఆ ముక్కలు డోరు లోపలికి పడతాయి. లోపలి అట్ట విప్పి అవన్నీ తీయకుండా కొత్త అద్దం వేస్తే అద్దాన్ని దించే యంత్రం పట్టేస్తుంది. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది గనుక పగిలినా రాలదు. రాయి దెబ్బకు చిన్న చుక్క పడితే రెసిన్‌తో నింపొచ్చు, డ్రైవరు చూపుకు అడ్డంగా పగులు సాగితే మార్చాలి. పక్కగోడ కోసిన టైరుకు రిపేరు లేదు. బ్రేక్ ఆయిల్ పోసి ఉంటే గుడ్డతో తుడవకూడదు, వెంటనే ధారాళంగా నీళ్లు పోయాలి. అది రంగును మెత్తబరుస్తుంది, తుడిస్తే రంగు గుడ్డతో పాటు వచ్చేస్తుంది.

దురుద్దేశంతో చేసిన నష్టాన్ని ప్యాకేజీ పాలసీ భరిస్తుంది, థర్డ్ పార్టీ పాలసీ భరించదు. అయినా చిన్న గీతకు క్లెయిమ్ లాభం కాదు. పెయింటింగ్ బిల్లు 6,000 రూపాయలనుకుంటే అందులో 25 శాతాన్ని రంగు ఖరీదుగా లెక్కగట్టి, దానిలో సగం, అంటే 750, తరుగు కింద తీసేస్తారు. 1500 సీసీ లోపు కారుకు యజమాని భరించాల్సింది మరో 1,000. చేతికొచ్చేది 4,250. అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా సంపాదించిన 50 శాతం బోనస్ పోయి లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. నాలుగు ప్యానెళ్లో, ముందు అద్దమో అయితే క్లెయిమ్ గురించి ఆలోచించవచ్చు. చట్టంలో ఈ నేరం భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కిందికి వస్తుంది. నష్టం 20,000 నుంచి లక్ష లోపైతే శిక్ష రెండేళ్ల దాకా, లక్ష, ఆపైనైతే అయిదేళ్ల దాకా ఉంటుంది. ఫొటోలు, వీధి కెమెరా దృశ్యాలు రిపేరుకు ముందే సేకరించాలి.

చివరి సంగతి హార్డ్‌నర్ డబ్బా. అందులో ఉండేవి ఐసోసైనేట్లు. గన్ నుంచి తుంపరగా లేచినప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉబ్బసం తెస్తాయి. ఒకసారి శరీరానికి పడకుండా పోయాక అతి కొద్ది మోతాదు కూడా ఆయాసం రేపుతుంది. వాసన తెలిసేసరికే మోతాదు మించి ఉంటుంది. ముక్కుకు కట్టిన రుమాలు వాటిని ఆపదు. బయటి నుంచి గొట్టం ద్వారా గాలి అందించే మాస్కు, గాలిని లాగేసే బూత్ కావాలి. రోడ్డు పక్క షెడ్డులో ఈ రెండూ ఉండవు. సొట్ట తీయడానికి, లప్పానికి, పాలిష్‌కు, గీతలో రంగు నింపడానికి ఆ షెడ్డు మేస్త్రిని మించినవారు లేరు. క్లియర్ కొట్టే పని మాత్రం అక్కడ చేయించకూడదు. ఇన్నేళ్లూ షెడ్డు పక్షాన మాట్లాడిన ఈ శీర్షిక తేల్చుకున్నది ఇదే. కారును పెయింటింగ్‌కు ఇచ్చే ప్రతి పాఠకుడూ రేటు అడిగేముందు బూత్ చూపించమని, గన్ పట్టే కుర్రాడి మాస్కు చూపించమని అడగాలి.